గుంత లేని చోట వెలిగిన దీపం

మా ఆఫీసు కారు లోపలి దీపానికి ఒక గుణం ఉండేది. బండి కుదుపుకి లోనైతే వెలిగేది, ఇంకో కుదుపుకి ఆరిపోయేది. స్విచ్చి నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఈ సంగతి ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి సూపరింటెండింగ్ ఇంజనీరు హేమాద్రిరావు గారి దాకా అందరికీ తెలుసు. కాని మాది ప్రభుత్వ కార్యాలయం. అందరికీ తెలిసినంత మాత్రాన ఏ విషయమూ మా దగ్గర నిజమైపోదు.

మాది రహదారుల నిర్వహణ విభాగం. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. హేమాద్రిరావు గారికి కారెక్కగానే వెనక సీట్లో కునుకు తీసే అలవాటుంది. సాయంత్రం పూట తిరిగొస్తున్నప్పుడు ఏ కల్వర్టు దగ్గరో దీపం భగ్గున వెలిగి, ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్న దృశ్యం బస్టాపులో నిలబడ్డ జనానికి కనిపించేది. ప్రభుత్వ పాలనలో పారదర్శకత ఇంతకన్నా ఏం కావాలని మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన మాత్రం మెలకువ వచ్చాక డ్రైవరు తవిటయ్య మీద విసుక్కునేవారు.

విసుగుతో పోయేది కాస్తా ఒక రోజు మెమో దాకా వెళ్ళింది. ఆ రోజు హేమాద్రిరావు గారు గెడ్డవలస గెస్టుహౌసులో సమీక్ష పెట్టుకున్నారు. తవిటయ్య కారుని గేటు ముందు నిలబెట్టాడు. ముందు చక్రం ఒక పల్లంలో దిగింది, దీపం వెలిగింది. పట్టపగలు ఎండలో దీపం వెలిగితే ఎవరికి కనిపిస్తుంది? సమీక్ష ముగిసి అయ్యగారు కారెక్కేసరికి బ్యాటరీ ప్రాణం విడిచింది. జిల్లా కేంద్రంలో పెద్దల మీటింగు. వేరే దారిలేక ఆయన షేర్ ఆటోలో, ఎండుచేపల గంపకీ ఒక మేకపిల్లకీ మధ్యన కూర్చుని వెళ్ళారు. మీటింగు హాల్లో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వేరే కుర్చీలకి మారారట.

మర్నాడే తవిటయ్యకి మెమో వచ్చింది. రాసింది నేనే కాబట్టి మాటలు నాకు బాగా గుర్తున్నాయి. 'వాహన అంతర్భాగ దీపమును అజాగ్రత్తగా వెలిగించి విడిచిపెట్టి, తద్వారా ఉన్నతాధికారి గౌరవమునకు దుర్గంధ పూరితమైన భంగము కలిగించినందుకు మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపవలెను.'

తవిటయ్య ఆ మెమోని నాచేతే చదివించుకున్నాడు. సర్వీసులో అతనికి అంతవరకూ ఒక్క మెమో కూడా లేదు. రిటైర్మెంటు దగ్గర పడింది. తొలగిస్తే ఉద్యోగంతోపాటు పింఛనూ పోతుంది.

"నాను ఎయ్యలేదు బాబూ" అన్నాడు నాతో. "ఆ సుచ్చికి సేతకాదు గదా. నొక్కితే ఎలగదు. గతుకొస్తే ఎలుగుతాది. మీరూ ఎక్కినారు గదా ఆ బండి, మీకు తెల్దా?"

"నాకు తెలిస్తే సరిపోదు తవిటయ్యా. కమిటీకి తెలియాలి" అన్నాను.

"మరైతే సెడిపోయిందని రాసి పంపించీండి బాబూ. కరెంటు మేస్త్రీ సూసి సెప్పెత్తాడు."

అక్కడే వచ్చింది చిక్కు. లోపం ఉన్నదని ధ్రువీకరిస్తేగాని ప్రభుత్వ వాహనాన్ని మరమ్మతుకి పంపకూడదు. ధ్రువీకరించడానికి లోప నిర్ధారణ సంఘం ఉంది. లోపాన్ని సంఘం సభ్యులు సమష్టిగా, ప్రత్యక్షంగా, ఏకకాలంలో చూడాలి. ఈలోగా తవిటయ్యని సస్పెండు చేశారు. వేరే డ్రైవరు లేడు కాబట్టి, 'సస్పెన్షన్‌కు భంగము కలుగని రీతిలో వాహనము నడుపుచుండవలెను' అని కింద ఒక వాక్యం చేర్చారు. దాంతో అతను సస్పెండై కూడా రోజూ బండి తోలాడు. మా ఆఫీసులో సస్పెండు కాకుండా పని మానేసినవాళ్ళు చాలామందే ఉన్నారు గనక లెక్క సరిపోయింది.

సంఘం మొదటిసారి ఆఫీసు ఆవరణలోనే సమావేశమైంది. హేమాద్రిరావు గారు అధ్యక్షులు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు విశ్వంభరం గారు ఉపాధ్యక్షులు, ఇంకా అకౌంట్సు ఆఫీసరూ, క్వాలిటీ కంట్రోలు ఇంజనీరూ సభ్యులు. నేను కార్యదర్శిని. అందరూ కారులో ఇరుక్కుని కూర్చుని తలలు పైకెత్తి దీపం వంక చూశారు. కారు కదలకుండా నిలబడి ఉంది. దీపం వెలగలేదు. చూసి చూసి అకౌంట్సు ఆఫీసరు గారికి మెడ పట్టేసింది.

"లోపానికి నోటీసు వెళ్ళిందా?" అని అడిగారు విశ్వంభరం గారు. ఆయన ఏ పని మొదలుపెట్టినా నోటీసుతో మొదలుపెడతారు.

"బండి అద్దం మీద అంటించాం సార్" అన్నాను.

"అయితే రాసుకోండి. 'ముందస్తు సమాచారము ఉన్నప్పటికిని లోపము హాజరు కాలేదు. లోపమునకు మరొక అవకాశము ఇవ్వడమైనది.'"

రెండో అవకాశానికీ లోపం రాలేదు. మూడోసారి తలుపులు దబదబా వేసి చూశారు, బానెట్టు మీద చరిచి చూశారు. క్వాలిటీ కంట్రోలాయన సీటులోనే కూర్చుని ఎగిరెగిరి పడ్డారు. దీపం మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్లలా తలెత్తలేదు.

తవిటయ్య పక్కన చేతులు కట్టుకు నిలబడి ఇదంతా చూస్తూ ఉన్నాడు. ఓపిక పట్టలేక అన్నాడు. "ఆపీసులో ఎంతసేపు కూకున్నా ఎలగదు బాబూ. ఒక్కపాలి గెడ్డవలస రోడ్డుకి రండి. కల్వర్టు దాటీసరికి పెద్ద గుంత ఉంది. అందలో పడితే ఎలుగుతాది. నా పిల్లల మీద ఒట్టు."

అకౌంట్సు ఆఫీసరు గారు మెడ రుద్దుకోవడం ఆపేశారు.

ఎందుకో చెప్పాలి. ఆ ఏడాది మా విభాగమంతా నున్నబాట అనే పథకం మత్తులో ఉంది. జిల్లాలో ఏ రోడ్డు మీదా ఒక్క గుంత కూడా ఉండకూడదు. పూడ్చడానికి వ్యవధి చాలదు కాబట్టి, ముందుగా గుంతలు లేవని ధ్రువీకరించాం. ప్రతి రోడ్డుకీ హేమాద్రిరావు గారే సంతకం చేశారు. గోడల మీద పోస్టర్లు వేశాం, నున్నబాట ప్రతిజ్ఞ చేశాం, నున్నబాట పాట ఒకటి రాయించి ఆడపిల్లల బడిలో పాడించాం. గుంతల్లేని జిల్లాగా మాకు పురస్కారం కూడా ఖాయమైంది. ధ్రువీకరించిన రోడ్లలో మొట్టమొదటిది గెడ్డవలస రోడ్డు.

విశ్వంభరం గారు గొంతు సవరించుకున్నారు. "చూడు తవిటయ్యా. సదరు రహదారి ఉపరితలముపై అసమానతలు శూన్యమని రికార్డు చెబుతోంది. అసమానతలు శూన్యమైనప్పుడు కుదుపు సాంకేతికంగా అసంభవం. అసంభవమైన కుదుపువల్ల దీపం వెలిగిందంటే అది విభాగ నిర్ణయాన్ని ధిక్కరించడమవుతుంది. నీ మీద రెండో అభియోగం పెట్టాల్సి వస్తుంది."

"గుంత ఉంది గదా బాబూ. రోజూ పడతన్నాం."

"పడుతున్నది నువ్వు. అది నీ వ్యక్తిగతం" అన్నారు విశ్వంభరం గారు.

హేమాద్రిరావు గారు మాత్రం చెడ్డవారు కారు. ఆయనకి తవిటయ్య అంటే ఎంతోకొంత అభిమానం కూడా ఉంది. న్యాయం జరగాలి, రికార్డు చెడకూడదు అన్నది ఆయన కోరిక. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టుగా ఆయనే ఒక దారి కనిపెట్టారు. గుంత జిల్లాలో ఎక్కడా లేదు కాబట్టి, ఆఫీసు ఆవరణలోనే ఒక ప్రామాణిక గుంతని నిర్మించాలి. ఆవరణ రోడ్డు లెక్కలోకి రాదు. కారుని అందులోంచి పోనిచ్చి, సంఘం సమక్షంలో దీపాన్ని పరీక్షించాలి.

ఈ మాట విన్నాక తవిటయ్య మొహంలోకి ప్రాణం వచ్చింది. "ఓ గునపం ఇప్పించీండి బాబూ, నానే తవ్వీగల్ను" అన్నాడు. కాని అది ప్రామాణిక గుంత. లోతూ వెడల్పూ నిర్ణయించడానికి ఒక ఉపసంఘం కూర్చుంది. వర్షాకాలపు గుంతా, వేసవి గుంతా అన్న దాని మీద అభిప్రాయభేదాలు వచ్చి రెండు వర్గాలయ్యారు. చివరికి నీళ్ళు నిలిచి లోతు తెలియకుండా ఉండే రకాన్ని ఆమోదించారు. కాంట్రాక్టరు చిన్నంనాయుడిని పిలిపించారు. జిల్లాలో రోడ్లన్నీ అతను వేసినవే.

చిన్నంనాయుడు డ్రాయింగు తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు.

"నా వల్ల కాదండి" అన్నాడు.

"ఇంత అనుభవం ఉండి గుంత చెయ్యలేవా?" అన్నారు విశ్వంభరం గారు.

"అబద్ధమెందుకండి, నాను ఎప్పుడూ గుంత తవ్వలేదు. నాను రోడ్డే ఏస్తాను. గుంత దానంతటదే వస్తాది. మీరు రోడ్డు ఏయించండి. ఒక వాన పడనీండి. డ్రాయింగులో ఉన్నదానికన్నా మంచి గుంత వస్తాది. నాది పూచీ."

ఈ సాంకేతిక సలహా సంఘానికి నచ్చింది. గుంత కోసం రోడ్డు మంజూరైంది. గేటు దగ్గర్నుంచి సైకిల్ స్టాండు వరకూ కొలతలు తీసుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు. నేను కార్యదర్శిగా ఫలకం మీది మాటలు కూడా రాశాను. 'ప్రామాణిక గుంత నిమిత్తము రహదారి శంకుస్థాపన.'

తర్వాత జరిగింది మాత్రం ఎవరూ ఊహించలేదు. రోడ్డు పని సరిగ్గా మా కిటికీల కిందే జరిగింది. మామూలుగా రోడ్డు పనులు ఊరికి దూరంగా జరుగుతాయి, ఇంజనీర్లు వాటిని బల్ల దగ్గర కూర్చునే పరిశీలిస్తారు. ఇక్కడ అలా కుదరలేదు. పని లేనివాళ్ళు అందరూ కిటికీల దగ్గర చేరారు. మా ఆఫీసులో పని లేనివాళ్ళు అంటే అందరూ. తారు డబ్బాలు దిగుతున్నప్పుడు చూశారు, కంకర వేస్తున్నప్పుడు చూశారు, రోలరు తిరుగుతున్నంతసేపూ టీ తాగుతూ చూశారు. చిన్నంనాయుడి కూలీలకి తారు తగ్గించడానికి వీలుపడలేదు. ఇంతమంది ఇంజనీర్ల కళ్ళెదుట ఎలా తగ్గిస్తాడు? పాపం, జీవితంలో మొదటిసారి వెయ్యవలసినంత వేశాడు.

వాన పడింది. అందరం గొడుగులు వేసుకుని ఆశగా బయటికి వెళ్ళాం. గుంత రాలేదు. ఇంకో వాన పడింది. నీళ్ళు నున్నగా జారి కాలవలోకి పోయాయి. తుఫాను వచ్చి వెళ్ళింది, మా సైకిల్ స్టాండు రేకులు ఎగిరిపోయాయి గాని రోడ్డు చెక్కుచెదరలేదు. తవిటయ్య రోజూ పొద్దున్నే వచ్చి కారు తుడిచేముందు ఆ రోడ్డు మీద వంగి ఏదైనా బీట కనిపిస్తుందేమోనని వెతుక్కునేవాడు. చూడడానికి నాకు కష్టంగా ఉండేది. రోడ్డు బాగుండడం ఒక మనిషికి శాపం కావడం అంతకుముందు నేనెక్కడా వినలేదు.

చిన్నంనాయుడు వచ్చి హేమాద్రిరావు గారి ముందు తలదించుకుని నిలబడ్డాడు. "నా సేతిలో ఎప్పుడూ ఇలగ జరగలేదండి. మొహం సెల్లడం లేదు. బయట ఇంకో ముక్క ఏయించండి, ఎవరూ సూడకుండా ఏస్తాను" అన్నాడు.

దానికి వ్యవధి లేదు. పురస్కారం ఇచ్చే తేదీ దగ్గరికి వచ్చింది. రోడ్లకి సంబంధించిన ఏ వివాదమూ పెండింగులో లేదని పై ఆఫీసుకి చెప్పాలి. తవిటయ్య ఫైలులో గెడ్డవలస రోడ్డు పేరూ, గుంత అనే మాటా ఉన్నాయి. సంఘం చివరిసారిగా సమావేశమై తర్కం పూర్తి చేసింది. విశ్వంభరం గారు చెబుతుంటే నేను రాశాను.

"విభాగము వేయించిన రహదారిపై, సర్వ ప్రయత్నములు చేసినను, గుంత ఏర్పడలేదు. కావున విభాగపు రహదారులపై గుంతలు ఏర్పడవు. గుంతలు ఏర్పడవు కావున కుదుపు లేదు. కుదుపు లేదు కావున దీపము తనంతట తాను వెలుగదు. కావున తవిటయ్యే వెలిగించెను."

తర్కంలో నాకెక్కడా దోషం కనపడలేదు. అదే నన్ను భయపెట్టింది. సాయంత్రం తవిటయ్యకి సంగతి చెప్పాను. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఉజ్జోగం తీసెత్తే తీసెయ్యండి బాబూ. దీపం మరిసిపోయిన డైవరని మాత్రం రాయకండి. రేపు నా ఇంటిదాయికి ఏటని సెప్పుకోను?"

రాయకుండా ఉండడం నా చేతుల్లో లేదు.

పురస్కారానికి బయల్దేరిన రోజున కారులో వెనక హేమాద్రిరావు గారు, ముందు నేను, స్టీరింగు దగ్గర తవిటయ్య. తొలగింపు ఉత్తర్వు నా సంచిలో ఉంది. హేమాద్రిరావు గారు సంతకాన్ని రేపు మాపని వాయిదా వేస్తూ వచ్చారు. మనసొప్పక కాదేమో, ఎదురుగా చేసేందుకు మొహమాటం అనుకుంటాను. ఆ ఉత్తర్వుని ఆ పూటే పై ఆఫీసులో అందజెయ్యాలి. దారి గెడ్డవలస మీదుగానే. అప్పటికి పొద్దు గూకుతోంది.

"ముకుందం గారూ, ఆ కాగితం ఇవ్వండి" అన్నారు ఆయన నాతో. ఏ కాగితమో తవిటయ్యకి అర్థమైంది. అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

హేమాద్రిరావు గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని కిటికీ దగ్గరా, మొహం దగ్గరా పెట్టి చూశారు. అక్షరాలు ఆనలేదు. అంతలో కల్వర్టు వచ్చింది. కారు ధడేల్మని ఒకసారి దిగింది. దీపం వెలిగింది. ఆయన గబగబా మొదటి పేరా చదివారు. వెనక చక్రం కూడా దిగి లేచేసరికి దీపం ఆరిపోయింది.

"తవిటయ్యా, కాస్త వెనక్కి పోనియ్యి" అన్నారు.

"ఎక్కడికి బాబూ?"

"అదే. ఇందాకటి చోటికి."

"గుంతలోకా బాబూ?"

హేమాద్రిరావు గారు కాగితంలోంచి తలెత్తకుండా, "ఆ స్థలానికి" అన్నారు.

తవిటయ్య బండిని వెనక్కి తీసి, ముందు చక్రాన్ని నెమ్మదిగా గుంతలోకి దింపాడు. దీపం వెలిగి అలాగే నిలిచింది. ఆ వెలుతురులో హేమాద్రిరావు గారు, ఆ దీపం తనంతట తాను వెలగదన్న ఉత్తర్వుని మొదట్నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివారు. ఒకచోట అచ్చుతప్పు దిద్దారు. సంతకం పెట్టారు. నేను ముద్ర వేశాను.

"అయిపోనాదా బాబూ?" అని అడిగాడు తవిటయ్య.

"అయింది. పోనియ్యి" అన్నారు హేమాద్రిరావు గారు.

తవిటయ్య ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, వెనక తలుపు తీసి, తాళంచెవిని రెండు చేతులతో ఆయనకి అందించాడు. "ఇప్పుడు నాను డైవర్ని కాదు గదా బాబూ. ఉజ్జోగం లేనోడు సర్కారు బండి తోలకూడదు. మీకు మాటొస్తాది" అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు. అటుగా వస్తున్న బస్సుకి చెయ్యెత్తి ఎక్కి వెళ్ళిపోయాడు. బస్సులో జనం కిటికీల్లోంచి మా కారు వైపు చూశారు. లోపల హేమాద్రిరావు గారు చేతిలో కలంతో, నిండు వెలుతురులో స్పష్టంగా కనిపిస్తున్నారు.

నాకు డ్రైవింగు రాదు. ఆయన ఎప్పుడో నేర్చుకున్నారట, ధైర్యం చేసి ముందు సీట్లోకి వచ్చారు. బండి మూలిగింది, చక్రం బురదలో గిర్రున తిరిగి ఇంకా లోతుకి దిగింది. ఇంక లాభం లేదని సెక్షన్ ఇంజనీరుకి ఫోను చేసి ట్రాక్టరు పంపమన్నారు. కారు లోపల నిశ్శబ్దం, అవతలివాడి మాటలు నాకూ వినిపించాయి.

"తప్పకుండా సార్. బండికి ఏమైందండి?"

"దిగబడింది."

"ఎందులో సార్?"

హేమాద్రిరావు గారు కిటికీలోంచి తల బయటపెట్టి చక్రం వైపు చూశారు.

"ఏమీ అనుకోకండి సార్. నున్నబాట వచ్చాక ఆ రోడ్డు మీదికి ట్రాక్టరు పంపాలంటే కారణం చూపించాలి. మీరిచ్చిన ఆదేశమేనండి. 'గుంతలో ఉన్నాను' అని ఒక్క ముక్క వాట్సాప్‌లో పెట్టండి సార్. వెంటనే పంపించేస్తాను."

ఫోను పెట్టేశాక ఆయన వాట్సాప్ తెరిచారు. ఆ ముక్క పంపితే గెడ్డవలస రోడ్డు మీద గుంత ఉన్నట్టే. గుంత ఉంటే కుదుపు ఉన్నట్టే. కుదుపు ఉంటే తవిటయ్య ఉద్యోగం తవిటయ్యకి ఉన్నట్టే. నేను సంచిలోంచి ఉత్తర్వు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన ఒక్క మాటంటే దాన్ని అక్కడే చింపెయ్యడానికి నా వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నా సర్వీసులో ఏ కాగితాన్నీ చింపాలని అంతగా కోరుకోలేదు.

ఆయన 'గుం' అని కొట్టారు. చెరిపారు. మళ్ళీ కొట్టారు. 'గుంతలో' దాకా వచ్చారు. పైన దీపం నిశ్చలంగా వెలుగుతూనే ఉంది. ఆయన దాని వంక ఒకసారి చూసి, అక్షరాలు ఒక్కొక్కటే చెరిపేసి, ఫోను జేబులో పెట్టుకున్నారు.

"ఊరెంత దూరం ఉంటుంది ముకుందం గారూ?"

"చాలా దూరం సార్."

"పదండి, నడుద్దాం" అన్నారు.

ఉత్తర్వుని మడిచి సంచిలో పెట్టుకున్నాను. రోడ్డు మీద చీకటి కమ్ముకుంది. ఆయన నాకన్నా రెండడుగులు ముందు నడుస్తున్నారు.

"చూసి నడవండి సార్" అన్నాను.

దేనికని ఆయన అడగలేదు.